ఊపిరిదీపం ఎర్రబడేదాకా

సోమవారం

అద్దెదారుల సంఘంలో కూర్చునే ఆమె చెప్పింది: "రోజూ రాసిపెట్టు. ఏం చెడిపోయింది, ఎవరికి చెప్పినవ్, వాళ్లేమన్నరు. అంతే. కథలు రాయకు."

సరే. చెడిపోయింది: గని లోపల మా గల్లీకి గాలి తెచ్చే, గల్లీ చివర ఫ్యాను. చెప్పింది: ఓనరమ్మ వసుంధర గారికి. ఆమె అన్నది: "వచ్చే వారం." పోయిన ఏడాది ఆవకాయ పెట్టే రోజుల నుంచీ ఇదే వచ్చే వారం నడుస్తోంది.

ఇవాళ తెరలు గీకడం నా వంతు. పాత నూలు చీరల్ని సున్నపు నీళ్లలో ముంచి గుమ్మాలకు అడ్డంగా కడతాం. మనుషులు వదిలిన చెడ్డగాలిని సున్నం పట్టుకుంటుంది. తెల్లారేసరికి చీర అప్పడంలా గట్టిపడుతుంది. దాన్ని దించి, గీకి, మళ్లీ ముంచి, మళ్లీ కట్టాలి. బీఎస్సీలో ఈ చర్యకు సమీకరణం రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అది అరచేతుల్ని ఇట్లా చీలుస్తుందని పుస్తకంలో ఎక్కడా లేదు.

గుమ్మం పైన గూట్లో ఊపిరిదీపం ఉంటుంది, అన్ని ఇళ్లకూ ఉన్నట్టే. ఆకుపచ్చగా ఉంటే ఇల్లు నివాసయోగ్యం. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే యోగ్యం కాదు. దాని రంగు దానంతటదే గాలికోర్టుకు చేరుతూ ఉంటుంది. మేం అరిచినా చేరదు, దాని రంగు మాత్రం చేరుతుంది. అమ్మ శుక్రవారం శుక్రవారం దానికి బొట్టు పెడుతుంది.

మధ్యాహ్నం పక్కింటి ఓదమ్మ అమ్మను పిలిచి అరిచింది: "స్వరూపా! దీపం పండిందే!"

పండింది అంటే పసుపు తిరిగింది అని. ఇక గల్లీ అంతా కదిలింది. లోపల పీల్చేవాళ్లు తగ్గాలని ముసలివాళ్లు చాపలు చంకన పెట్టుకుని మెట్ల దగ్గరికి నడిచారు. పిల్లల్ని రెండో లెవెల్ బడి వరండాకు తోలారు. ఓదమ్మ సున్నం బకెట్‌తో, మా అమ్మ విసనకర్రతో. కాసేపటికి దీపం ఆకుపచ్చ. అందరూ మళ్లీ వెనక్కి. ఎవరూ విసుక్కోలేదు. అదే నాకు విసుగు.

మంగళవారం

నా ఉద్యోగం పాత రికార్డింగులు విని వాన చప్పుడు ఎక్కడుందో గుర్తుపెట్టడం. పైన ఎండలు ముదిరి జనం ఈ పాత బొగ్గుగనుల్లోకి దిగాక, వాన చప్పుడు వింటే తప్ప నిద్రపట్టని వాళ్లు తయారయ్యారు. వాళ్లకు అమ్ముతారు. ఇవాళ ఒక రికార్డింగును "జోరువాన" అని గుర్తుపెట్టి పంపాను. వెనక్కి వచ్చింది. అది ఎవరో మిరపకాయ బజ్జీలు వేస్తున్న చప్పుడట.

తల దిమ్ముగా ఉంటే అంతే. బాపు పైన రాత్రిపూట సోలార్ పలకలు తుడిచి వచ్చి పగలు పడుకుంటాడు. నిద్రలో నోరు తెరిచి, ఒడ్డున పడ్డ చేపలా గాలి కోసం కొట్టుకుంటాడు. లేచి "మంచిగ నిద్రపట్టింది" అంటాడు.

అక్క మాత్రం అట్లా అనలేకపోతోంది. మా అక్క సౌజన్య తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. గోడకు ఆనుకుని, నోటితో గాలి పీలుస్తూ కూర్చుంటుంది. పొద్దున్నుంచి తలనొప్పి అంటుంది. అత్తగారిల్లు ఐదో లెవెల్లో. అక్కడ గాలి కొబ్బరినీళ్లలా ఉంటుందని మా అమ్మే ఊరంతా చెప్పుకుంది. పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన రోజు ఇప్పటికీ గుర్తు: "ఇల్లు ఎంత శుభ్రమే! అప్పుడే సున్నం వేయించినట్టు వాసన. మన పిల్ల అదృష్టవంతురాలు."

మరి అంత మంచి గాలి వదిలి ఇక్కడికెందుకు తీసుకొచ్చావే అంటే, "తొలి కాన్పు పుట్టింట్ల కాకపోతే ఎవరింట్ల చేస్తరే? నలుగురు ఏమంటరు?" అంటుంది.

ఆ నలుగురినీ ఒక్కసారి మా ఇంట్లో కూర్చోబెట్టాలని ఉంది.

బుధవారం

ఓనరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఇల్లు గని మొగదల దగ్గర. లోపలికి అడుగుపెట్టగానే అక్కడే నిలబడిపోయాను. గోడమీది క్యాలెండర్ కాగితం దానంతటదే లేచి పడుతోంది. గాలికి. ఎవరూ విసరడం లేదు.

"రా తల్లీ, రుచితా. అమ్మ మంచిగున్నదా? సౌజన్య ఎట్లున్నది?"

"ఆయాసపడుతోందమ్మా. ఫ్యాను సంగతే అడుగుదామని..."

"ముందు కూసో. గవ్వలు చేసిన, తిను."

తిన్నాను. బాగున్నాయి. అదే బాధ.

"బేరింగ్ పోయిందని మనిషికి చెప్పిన. వాడు ఫోన్ ఎత్తుతలేడు. నేనేమన్న రాక్షసినా, మీరు బాధపడుతుంటే చూసుకుంట కూసునేటందుకు?"

"కాదమ్మా. ఫ్యాను పంజరం తాళం ఇస్తే మేమే మనిషిని పిలిపించుకుంటాం."

"అయ్యో, పరాయి చెయ్యి పెట్టొద్దని రూలుంది కదా. రేపు ఎవరికన్న చెయ్యి తెగితే నా మీదికే వస్తది." ఫోన్ తీసి చూపించింది. "పొద్దున్నే చూసిన మీ దీపం. చిలుక లెక్క పచ్చగ ఉన్నది."

"తెరలు కడుతున్నాం కాబట్టి అట్లుందమ్మా. కట్టకపోతే..."

"కడుతున్నరు కదా. మీ అమ్మ పనిమంతురాలు. గల్లీల ఆడోళ్లంతా ఒక్కమాట మీద ఉన్నరు, నాకు ఎంత సంతోషమో." అక్క కోసం గవ్వలు పొట్లం కట్టింది. గుమ్మం దాకా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "అంత ఇబ్బందైతే మొహమాటపడకు తల్లీ. ఖాళీ చేస్తమంటే నేను అడ్డం పడ. మీరు సుఖంగ ఉండుడే కావాలె నాకు."

ఎంత మెత్తగా అన్నదంటే, మెట్లన్నీ దిగాక గానీ అది ఏ మాటో నాకు అర్థం కాలేదు.

పొట్లం తీసుకున్నాను. అదీ రాయాలి కదా.

శుక్రవారం

ఏఎన్ఎం వచ్చి అక్కను చూసింది. బీపీ పట్టీ విప్పుతూనే మొహం మారింది.

"ఈ గాలిలో ఉంచొద్దు అమ్మా. కాళ్ల వాపు చూసిన్రా? లోపల బిడ్డకు కూడా అందాలె కదా. అత్తగారింటికన్న పంపండి."

అమ్మ దీపం వైపు చూపించింది. "పచ్చగనే ఉన్నది కదమ్మా."

"దీపానికి కాళ్లు వాస్తయా?"

ఆమె వెళ్లాక ఇంట్లో రచ్చ. నేను ఫోన్ తీస్తే అమ్మ లాక్కుంది.

"ఏమని చెప్తవే వియ్యాలోళ్లకు? మా ఇంట్ల గాలి లేదు, మీ కోడలిని మీరే తీస్కపోండ్రి అనా? నిశ్చితార్థం నాడు వాళ్లొస్తే గల్లీ మొత్తం ఖాళీ చేసి కూసోబెట్టినం. చీరలన్నీ బీరువా ఎనక దాచినం. ఇప్పుడు పోయి, అదంతా ఉత్తదే అందామా?"

అక్క గోడవైపు తిరిగి, "నన్ను అడ్డం పెట్టుకుని కొట్లాడకండి. నాకు కూర్చునే ఓపిక కూడా లేదు," అంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని లోపలి కదలిక కోసం చూస్తూ ఉంది. కొంచెం సేపటికి, "కదిలింది," అంది, ఎవరితోనూ కాదు.

నేను గాలికోర్టులో ఫిర్యాదు పెట్టాను. ఇంట్లో చెప్పలేదు.

బుధవారం

రేపు తనిఖీ సారు వస్తున్నాడని కబురు. ఇక చెప్పక తప్పలేదు. ఇల్లిల్లూ తిరిగాను.

"ఏం చేయకండి. తెరలు కట్టకండి, పసుపు తిరిగినా ఎవరూ మెట్ల దగ్గరికి పోకండి. రోజూ తెరలు లేకుండా ఎట్లుంటుందో అట్లా ఉండనివ్వండి. ఆయన చూడాలి."

అందరూ తల ఊపారు. ఓదమ్మ, "మాకెరుక లేదా బిడ్డా, మేము చిన్నపిల్లలమా?" అంది.

గురువారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు.

తనిఖీ సారును తీసుకురావడానికి మెట్ల దగ్గరికి వెళ్లాను. లిఫ్టు ఆలస్యం. పాపం కుర్రవాడే, చెమటలు తుడుచుకుంటూ దిగాడు. దారి పొడవునా చెప్పాను: ఫ్యాను, బేరింగ్, అక్క కాళ్లు. ఆయన నిజంగానే విన్నాడు. "ఎరుపు చూస్తే అక్కడికక్కడే రాసేస్తానండీ," అన్నాడు. నాకు నడకలో హుషారు వచ్చింది.

గల్లీ మలుపు తిరిగాం. గల్లీ తుడిచి, నీళ్లు చల్లి ఉంది. ముగ్గు ఉంది. ఒక్క పిల్లవాడు లేడు, ఒక్క ముసలమ్మ లేదు. బాపును కూడా నిద్రలేపి చాపతో పంపేశారు. ఓదమ్మ తన ఇంటి తెరలన్నీ విప్పి తెచ్చి మా గుమ్మానికి మూడు వరసలు కట్టి, కనబడకుండా ముందు పెళ్లినాటి దుప్పటి వేసింది. అమ్మ పట్టుచీరలో ఉంది. గూట్లో దీపం ఆకుపచ్చగా, చిలుక లెక్క.

"రాండి సారూ, కూసోండ్రి. ఎంత దూరం నుంచి వచ్చిన్రో," అంది అమ్మ. ఇంట్లో పొయ్యి వెలిగిస్తే ఉక్క అని పక్క గల్లీలో చాయ్ పెట్టించి తెప్పించింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాయ్ తాగాడు. "ఈ లెవెల్లో ఇంత హాయిగా ఉన్న ఇల్లు చూడలేదండీ," అన్నాడు. మొహమాటానికి కాదు, నిజంగానే. తర్వాత నా వైపు చూశాడు. పిల్ల ఎందుకో కాస్త అతి చేసింది అన్నట్టు. చేతిలో పలకమీద వేలు ఆనించాడు. నివాసయోగ్యం.

నేను దుప్పటి పక్కకు లాగి తెరలు చూపించాను. "కట్టుకున్న సౌకర్యాలు లెక్కలోకి రావండీ, దీపం రంగే మాకు లెక్క," అన్నాడు ఇబ్బందిగా. "గని సైరన్ పొద్దటి కూత నుంచి మధ్యాహ్నం కూత దాకా ఎడతెగకుండా ఎర్రగా ఉంటే, మేం రాకపోయినా కోర్టే తీసుకుంటుంది. పంజరం తాళం మాది అవుతుంది. బాగయ్యేదాకా ఓనరుకు అద్దె అందదు."

ఆయన వెళ్లాక అమ్మ మీద పడ్డాను. "నిన్న తల ఊపినవ్ కదమ్మా!"

"ఊపిన. మరి ఇంటికొచ్చిన మనిషి ఆయాసపడుకుంట పోతే మంచిగుంటదా?"

"అందుకే వచ్చిండమ్మా ఆయన! ఆయాసపడనీకే వచ్చిండు!"

ఓదమ్మ మధ్యలోకి వచ్చింది. "నేనేదో జర ఒక్క తెర కడదామనే వచ్చిన బిడ్డా. మీ అమ్మ ముగ్గేసుడు చూసి, నేనొక్కదాన్ని ఊకుంటే బాగుండదని..."

ఎవరూ మాట్లాడుకుని చేసింది కాదు. ఎవరికి వాళ్లు ఒక్క పని, మర్యాద కోసం. అన్నీ కలిసి మా ఇంటిని స్వర్గం చేశాయి.

శనివారం

ఓనరమ్మ నుంచి మెసేజ్: "తనిఖీ మంచిగ అయిందట, సంతోషం. ఏమన్న ఉంటే నాకు చెప్పాలె గానీ కోర్టుదాకా ఎందుకు తల్లీ. మీ ఇంట్లో ఒకదాన్ని అనుకున్న."

మెట్ల దగ్గర చాపల మీద ముసలివాళ్ల మధ్య కూర్చుని బజ్జీల చప్పుడులో వాన వెతికాను.

సోమవారం

అక్క పడిపోయింది.

అన్నం వార్చడానికి వంగి, అట్లాగే పక్కకు ఒరిగింది. అమ్మ తెర ముంచుతోంది. బకెట్ తన్నుకుని పరుగెత్తి పట్టుకుంది. దీపం అప్పుడు కూడా ఆకుపచ్చే. మెట్ల దాకా మోసుకెళ్లి, విసిరి, నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది. బిడ్డ కదులుతోంది. ఏఎన్ఎం వచ్చి బీపీ చూసి, పోతూ అమ్మ వైపు ఒక్క చూపు చూసింది.

అక్క రెండు చేతుల మీదా అమ్మ అరచేతులు తెల్లగా అచ్చుపడ్డాయి, సున్నంతో. వేలు వేలూ కనబడుతోంది. అమ్మ తడిగుడ్డతో తుడిచింది. నేను గిన్నెలో నీళ్లు మార్చాను. కొట్లాడే ఓపిక అయిపోయింది.

"చెప్పులేసుకో," అంది చివరికి.

"ఎక్కడికి?"

"వియ్యాలోళ్ల ఇంటికి. నా నోటితోనే చెప్త. మా ఇంట్ల గాలి లేదని."

"ఫోన్ చేసి పోదాం."

"ఫోన్ చేస్తే మళ్ల నా మనసు మారుతది. నడువు."

అక్కను ఓదమ్మకు అప్పగించి వెళ్లాం. లిఫ్టులో అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎట్లా మొదలుపెట్టాలో లోపల అప్పజెప్పుకుంటోంది. "వదినా, మేమొక మాట దాచినం..." అక్కడిదాకా వచ్చి ఆగుతోంది. మళ్లీ మొదటి నుంచి.

ఐదో లెవెల్. బావ వాళ్ల గల్లీ. నాకైతే మలుపులోనే వాసన తగిలింది. శుభ్రమైన, చల్లటి, అప్పుడే సున్నం వేయించిన వాసన. అమ్మ కూడా ఆగింది.

తలుపు తీసి ఉంది. గుమ్మానికి అడ్డంగా తెల్లటి చీర, అంచున చుక్కలు కారుతూ. చీర వెనక నుంచి బావ వాళ్లమ్మ కనకలక్ష్మి గారు, మోచేతుల దాకా తెల్లగా, కొంగు నడుముకు బిగించి. మమ్మల్ని చూసి చేతిలో బకెట్ వెనక్కి దాచబోయింది. బకెట్ పెద్దది, ఆమె కూడా పెద్ద మనిషే, అయినా దాగలేదు.

ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"ఫోన్ జేసి రావద్దా వదినా!" అంది కనకలక్ష్మి గారు, దాదాపు ఏడుపు గొంతుతో.

అమ్మ చీలిన అరచేతులు చాపింది. "ఫోన్ జేస్తే ఇవి కనబడేటివి కాదు కదా వదినా," అంది.

తర్వాత ఆ గుమ్మంలోనే కూలబడి ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఆయాసం వచ్చి మళ్లీ ఆపారు.

"మీరు పెళ్లిచూపులకు వచ్చిన రోజు," కనకలక్ష్మి గారు చెప్పింది, "మా గల్లీ మొత్తాన్ని సినిమాకు పంపినం. మంచి గాలి ఉన్న ఇల్లని మీరు పిల్లనిస్తున్నరని తెలిసి, ఎట్ల చెప్పాలె? సౌజన్య వచ్చినాక కూడా ఏడాది నుంచి అమ్మాయే నాతోపాటు ముంచుతున్నది. పుట్టింట్ల చెప్పకు బిడ్డా, పరువు పోతది అని నేనే అన్న."

అంటే అక్కకు తెలుసు. ఇక్కడా గాలి లేదు, అక్కడా లేదు అని తెలిసే గోడకు ఆనుకుని నోరు మూసుకుని కూర్చుంది. ఎక్కడికి పంపినా ఒకటే అని.

వాళ్ల ఫ్యాను ఓనరు వేరే. మాట మాత్రం ఒకటే: మీ దీపం పచ్చగనే ఉంది కదా.

మంగళవారం

పొద్దున మెట్ల మీద అందరం కూర్చున్నాం. నేను కోర్టు నియమం మళ్లీ చెప్పాను. కూత నుంచి కూత దాకా ఎరుపు. అంటే ఆ పూట ఎవరూ ఏమీ చేయకూడదు. ఎరుపు పూటలో గట్టిగా ఉన్న మనిషికి తలనొప్పి, వాంతి, అంతకు మించి ఏమీ కాదని ఏఎన్ఎం అంది. ముసలివాళ్లను, పిల్లల్ని, అక్కను మాత్రం ఉంచవద్దంది. వాళ్లను గాలిబావి దగ్గర కూర్చోబెట్టవచ్చు. పైనుంచి గాలి దిగే చోటు అది, పగలు ఎవరైనా కూర్చోవచ్చు.

"వాళ్లంతా పోతే సగం గల్లీ ఖాళీ," అంది ఓదమ్మ. "పీల్చేటోళ్లే లేకపోతే దీపం పచ్చగనే ఉంటది కదా."

అవును. అక్కడే నా తెలివి ఆగిపోయింది.

చాపమీద చేరగిలబడిన ఓదమ్మ అత్త, పళ్లు లేని నోటితో, "బదులు పిలువుండ్రి," అంది.

"ఏం బదులు అవ్వా?"

"మా అవ్వ చెప్పేది. నాట్లప్పుడు మనింటికి వాళ్లు, వాళ్లింటికి మనం. కూలి లేదు. బదులంతే."

అమ్మ ఫోన్ తీసింది. ఈసారి ముందు అప్పజెప్పుకోలేదు. "వదినా, రేపు మా ఇంటికి రాండి. మా దగ్గర ఎంతమంది బయటికి పోతున్నరో అంతమంది. ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఏం తేవద్దు. ఊకె కూసుని ఊపిరి పీల్చాలె. తర్వాత మీ గల్లీకి మేం వస్తం."

అటువైపు గొంతు నాకు వినబడింది: "సౌజన్య వంతు ఎవరిది?"

"మీ ఇష్టం."

"నాదే. ఇద్దరి వంతు పీల్చాలె, నా అంత ఒళ్లు ఎవరికుంది?"

బుధవారం

గాలికోర్టు మనిషి వచ్చి ఫ్యాను పంజరానికి తన తాళం వేసుకుని వెళ్లాడు. బేరింగ్ రేపు వేస్తారు. అది ఎట్లా అయిందో రాసి పడుకుంటాను. తల పగిలిపోతోంది.

పొద్దటి కూతకు ముందే తెరలన్నీ దించాం. తెరలు లేని గుమ్మాలు నేను చూసి ఎంత కాలమైందో, గల్లీ చివరిదాకా ఇళ్లన్నీ కనబడ్డాయి. ఐదో లెవెల్ నుంచి బదులు మనుషులు రాగానే అక్కను, అవ్వను, పిల్లల్ని బాపు గాలిబావికి తీసుకెళ్లాడు. అక్క పోతూ పోతూ వాళ్ల అత్త చెయ్యి పట్టుకుని, "మీకు ఆయాసం కదా అత్తమ్మా," అంది. "నడువు నడువు, నీ బిడ్డకు తాతల నాటి గాలి పెట్టు," అంది ఆమె.

కూర్చున్నాం. దీపం పండింది. అలవాటు కొద్దీ అందరం లేవబోయి, ఒకరినొకరు చూసుకుని మళ్లీ కూర్చున్నాం. కూత వినబడేటప్పటికి దీపం ఎర్రబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ రంగును మా గూట్లో చూడలేదు. అమ్మ పెట్టిన కుంకుమ బొట్టు ఆ ఎరుపులో కనబడకుండా పోయింది.

ఏమీ చేయకుండా ఉండడం ఎంత కష్టమో నేను ఊహించలేదు. కోర్టు కాగితాలు, ఫిర్యాదులు, వాదనలు, అన్నీ తేలికే. ఓదమ్మ ఒళ్లంతా చెమట. చెయ్యి దానంతటదే బకెట్ మీదికి పోయింది. చీర సగం ముంచేసింది కూడా.

"ఓదమ్మా, కూసో," అంది అమ్మ.

"చేతులు ఊకుంటలేవే స్వరూపా."

"ఒళ్లె పెట్టుకో."

ఓదమ్మ చీర వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. అమ్మా పెట్టుకుంది. వరసగా ఆడవాళ్లంతా అరచేతులు పైకి పెట్టి, తెల్లగా, పగిలి, ఖాళీగా. అన్ని చేతులు ఒకేసారి ఊరికే ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. కనకలక్ష్మి గారు గోడకు ఆనుకుని గురక పెట్టింది. నిద్రలో కూడా అక్క వంతు పీలుస్తూనే ఉంది. ఎవరో కక్కుకున్నారు. తుడిచి మళ్లీ కూర్చున్నారు. నా కళ్ల ముందు నల్లచుక్కలు ఈదుతున్నాయి.

మధ్యాహ్నం కూతకు ఇంకా కాస్త ఉందనగా ఓనరమ్మ వచ్చింది. ఆమె ఫోన్‌కు ఎరుపు చేరింది కదా. గల్లీలోకి దిగి పది అడుగులు వేసేసరికి గోడ పట్టుకుంది.

"ఏందిది స్వరూపా? తెరలేవి? మీ అందరికి మతి పోయిందా?"

"రాండమ్మా, కూసోండ్రి," అంది అమ్మ. లేచి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ వేసింది. పాత చీరలోనే ఉంది ఇవాళ.

ఓనరమ్మ కూర్చుంది. కూర్చోక తప్పలేదు. కొంగుతో విసురుకుంది. "వచ్చే వారం అన్న కదా. మనం మనం మాట్లాడుకునేదానికి... గిట్ల చేస్తరా? ఒక్క తెర కట్టండి ముందు. ఒక్కటి. మీకు దండం పెడత."

"కడితే మీకు తెల్వదు కదమ్మా."

"ఏం తెల్వదు?"

అమ్మ పొయ్యి దగ్గరికి నడిచింది. పొయ్యి మీద నీళ్లు పెట్టింది. పక్క గల్లీకి ఎవర్నీ పంపలేదు. తొందరపడలేదు. ఆకు వేసింది, పాలు పోసింది, పొంగేదాకా నిలబడింది. గదిలో ఆవిరి. ఓనరమ్మ బొట్టు కరిగి ముక్కుమీదికి దిగింది. నోరు తెరిచి పీలుస్తోంది, బాపు నిద్రలో పీల్చినట్టు. ఒకసారి లేవబోయి మళ్లీ కుర్చీలో పడింది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. అది చూసి సంతోషం వేస్తుందనుకున్నాను. వేయలేదు. ఆమెకు నీళ్లిచ్చాను.

"రోజూ... గిట్లనే ఉంటదా?" అంది.

జవాబుగా కనకలక్ష్మి గారి గురక వినబడింది. ఆ పొట్లం గవ్వలు అమ్మ పళ్లెంలో పోసి చాయ్ పక్కన పెట్టింది.

ఓనరమ్మ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. అప్పుడే పైనుంచి మధ్యాహ్నం కూత వినబడింది, నిడుపుగా. గూట్లో దీపం ఎర్రగానే ఉంది.

అమ్మ ఆమె ఎదుట నేలమీద కూర్చుని, అరచేతులు ఒళ్లో పెట్టుకుని అడిగింది:

"చక్కెర సరిపోయిందా అమ్మా?"